పచ్చగా వస్తది, భయపడొద్దు

హేమలత నన్ను మొట్టమొదట అడిగిన మాట ప్రేమకథలకు పనికొచ్చేది కాదు.

"మీకు చెయ్యి వణుకుతదా?" అని అడిగింది.

జూన్ నెల, బయట తొలకరి వాన. ఖమ్మంలో మా హాస్పిటల్ కౌన్సెలింగ్ రూమ్. నా పేరు కోటేష్ అనీ, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్‌ననీ, రేపు వాళ్ల అమ్మ పొట్టలోకి పంపే కెమెరాను పట్టుకునేది నేనేననీ అప్పుడే చెప్పాను. కెమెరా మాట వినగానే ఆమె నా మొహం చూడటం మానేసి నా చేతులు చూడటం మొదలుపెట్టింది.

"వణకదండి" అన్నాను.

"చాయ్ తాగినంక?"

"తాగినా వణకదు."

"ఎంతసేపు పట్టుకోవాలె?"

"మూడు గంటలు."

"అయితే ఇది పట్టుకోండ్రి" అని తన చేతిలోని లీటరు నీళ్ల సీసా నాకిచ్చింది. చెయ్యి చాచి పట్టుకున్నాను. తర్వాత పావుగంట ఆమె ప్రశ్నలు అడుగుతూనే ఉంది. నేను సీసా దించకుండా జవాబులు చెబుతూనే ఉన్నాను. పక్కన కూర్చుని ఫైల్ రాస్తున్న సిస్టర్ భార్గవి నవ్వు ఆపుకోలేక రెండుసార్లు దగ్గింది.

ఆమె ఖాకీ యూనిఫారంలోనే వచ్చింది. దమ్మపేట అవతల అడవిలో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ అట. కలప దొంగలను నిలబెట్టి అడిగే అలవాటు నా మీద చూపిస్తోందని అర్థమైంది. పక్క కుర్చీలో వాళ్ల అమ్మ సోమ్లి కూర్చుంది. యాభై ఏళ్లుంటాయేమో, రక్తం తగ్గి మొహం పాలిపోయింది. ఎర్ర తలపాగా చుట్టుకున్న నాన్న లచ్చిరాం కుర్చీ వద్దని గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతున్ననంటే" అంది హేమలత. గొంతు కొంచెం తగ్గింది. "మా పెద్దమ్మ కేస్లికి గిట్లనే గర్భసంచి తీసిండ్రు. పదకొండేండ్ల కింద. ఆపరేషన్ల మూత్రం గొట్టం తెగింది. ఎవ్వరికి తెల్వలే. ఇంటికొచ్చినంక కారుడు మొదలైంది. ఏడాది కారింది. ఆ ఏడాదంత ఆమె పశువుల కొట్టంల పండుకుంది. మళ్ల ఆపరేషన్ చేసి ఆపిండ్రు గని, అప్పటికే ఒక కిడ్నీ పోయింది. ఇప్పటికి కూడ పది మందిల కూసోదు."

సోమ్లి కొంగుతో మూతి తుడుచుకుని కిటికీ వైపు చూసింది.

"మా అమ్మ తండాల తీజ్ పండుగకు పాట ఎత్తుకునే మనిషి. రెండేండ్ల నుంచి రక్తం పోతాంది. పెద్దమ్మను చూసిన భయానికి దవాఖానకు రానన్నది. ఈసారి మా అమ్మ మళ్ల పది మందిల కూసొని పాడాలె. నాకు గంతే కావాలె."

నేను సీసాను బల్ల మీద పెట్టేశాను. ఆమె వద్దనలేదు.

"ఆ గొట్టాన్ని యురేటర్ అంటరు" అన్నాను. "కిడ్నీ కాడికెళ్లి మూత్రపు సంచిలకు దిగుతది. ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. గర్భసంచిని ఆనుకునే పోతయ్. మామూలు వెలుతుర్ల లోపల అన్ని ఎర్రగ ఒక్క తీరుగనే ఉంటయ్. అమ్మకు ముందే రెండు ఆపరేషన్లు అయినయ్ కాబట్టి ఏది గొట్టమో, ఏది పాత కోతల అతుకో గుర్తుపట్టుడు కష్టం. అందుకే మత్తు ఇచ్చినంక, మూత్రం దారిలకెళ్లి సన్నని ట్యూబ్ పంపి, ఆ రెండు గొట్టాలల్ల పచ్చ రంగు మందు ఎక్కిస్తం. నా కెమెరాకు ఒక బటన్ ఉంటది. అది నొక్కితే ఆ రెండు గొట్టాలే పచ్చగ వెలుగుతయ్."



"అంటే మార్కింగ్. మేము కూపు, అంటే అడవిల ఒక ముక్క, నరికించేముందు, ముట్టొద్దనుకున్న చెట్లకు పెయింట్ పట్టీ కొడ్తం. ఇప్ప చెట్టో, తునికి చెట్టో. గొడ్డలి పట్టినోడు దాన్ని చూసి పక్కకు జరగాలె. గదేనా?"

"అదే" అన్నాను. రెండేళ్లుగా పేషెంట్ల ఇంటివాళ్లకు ఇదే విషయం చెబుతున్నాను. దాన్ని నాకే ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లు అంతవరకు లేరు.

రంగు మందులో అయొడిన్ ఉంటుంది కాబట్టి, స్కాన్ సూదులు వేసినప్పుడు ఎప్పుడైనా దద్దుర్లు వచ్చాయా అని అడిగాను. రాలేదని డైరీ తీసి, తారీఖులతో సహా చెప్పింది. చివరగా, నాటు మందులు, ఆకు పసర్లు ఏమైనా తాగించారా అని అడిగాను.

"మా ఇంట్ల అసొంటివి నేను ఎన్నడో బంద్ చేయించిన" అంది గట్టిగా.

గుమ్మం దగ్గర లచ్చిరాం లేదన్నట్టు తల ఊపి, తన చెప్పుల వంక చూసుకున్నాడు. నేను అది చూశాను గాని పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికి నేను ఇంకో లెక్కలో ఉన్నాను.

ఆ లెక్క ఏమిటో చెప్పేస్తాను. మాదీ తండానే, తల్లాడ దగ్గర. మా వాళ్లలో ఇంటిపేరు వేరైనా గోత్రం ఒకటైతే అన్నాచెల్లెళ్లే. కేస్ షీట్ మీద సోమ్లి ఇంటిపేరు కనబడగానే నేను వేళ్ల మీద లెక్కేసుకున్నాను. గోత్రాలు వేరు. వరస కుదిరింది. భార్గవి నా వేళ్ల వంక చూసి, "ఏం లెక్కపెడ్తున్నవ్ కోటేష్?" అని అడిగింది. "గ్లౌజుల స్టాక్ సిస్టర్" అన్నాను.

ఇంకోటి. ఆ సాయంత్రం హేమలత వాచ్‌మన్‌ను అన్నా అంది. క్యాంటీన్ వాడిని అన్నా అంది. లిఫ్ట్ రిపేర్ చేస్తున్నవాడిని కూడా అన్నా అంది. నన్ను మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. దానికి ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియక, దారిలో కనబడిన గుడికీ దర్గాకీ రెండింటికీ పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున థియేటర్‌కు తీసుకెళ్లే ముందు ఒంటిమీద వెండి ఏదీ ఉండకూడదని చెప్పాం. సోమ్లి జుట్టుకు కట్టుకున్న వెండి గూగ్రీల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెళ్లయిన మనిషి మొగుడు బతికుండగా వాటిని తీయకూడదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి నేను నోరు మెదపలేదు. లచ్చిరామే ముందుకొచ్చి, వాటిని తన చేతులతో విప్పి, తన తలపాగా మడతలో కట్టుకున్నాడు.

"నీ తలల ఉంటే ఏంది, నా తలల ఉంటే ఏంది" అన్నాడు. సోమ్లి నవ్వి స్ట్రెచర్ ఎక్కింది.

బల్ల మీద పడుకోబెట్టాక ఆమె కళ్లు పైన లైట్ల వంక బెదురుగా చూశాయి. మా భాషలో అమ్మను యాడీ అంటాం, నాన్నను బా అంటాం. నేను వంగి, "యాడీ, నేనున్న. భయపడకు" అని మా భాషలోనే అన్నాను.

ఆమె మొహం వెలిగింది. "మనోనివా? ఏ తండా? ఏ గో..." అంటుండగానే మత్తు డాక్టర్ మాస్క్ పెట్టేశాడు.

మా డాక్టర్ పద్మప్రియ గారు పనిలో ఉన్నప్పుడు అనవసరంగా ఒక్క మాట మాట్లాడరు. మొదటి గంట సాఫీగా గడిచింది. ఎడమ వైపు గర్భసంచి కడుపు లోపలి గోడకు అతుక్కున్న చోట ఆమె చేతిలోని పరికరం ఆగింది.

"ఇది అతుకే కదా" అన్నారు, తనను తానే అడుగుతున్నట్టు.

స్క్రీన్ మీద నాకూ అతుకులాగే కనబడింది. కత్తిరించి ముందుకు పోయేలాగే ఉంది. ఆమె మాత్రం కత్తెర దగ్గరికి తెచ్చి, మళ్లీ వెనక్కి తీశారు.

"కోటేష్, గ్రీన్."

నొక్కాను. స్క్రీన్ నల్లబడింది. ఆ నలుపులో, మేమంతా అతుకు అనుకున్నదాని నడిమధ్య నుంచి, సన్నని పచ్చ గీత ఒకటి వంకర తిరిగి కిందికి దిగుతోంది. ఉండాల్సిన చోటు కన్నా రెండు వేళ్లు ఇవతలికి వచ్చేసింది. పాత ఆపరేషన్ల అతుకులు దాన్ని అక్కడికి లాగేశాయి. ఇందాక కత్తెర ఆనబోయింది సరిగ్గా ఆ గీత మీదే.

నాకు పశువుల కొట్టంలో పడుకున్న కేస్లి గుర్తుకొచ్చింది, ఆమెను నేను ఎప్పుడూ చూడకపోయినా. డాక్టర్ గారు ఆ పచ్చ గీతను ముట్టకుండా, చుట్టూ ఉన్న అతుకును పొర పొరగా విడదీయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ నా చెయ్యి కదల్లేదు. నీళ్ల సీసా పరీక్ష పెట్టినందుకు మనసులోనే హేమలతకు థాంక్స్ చెప్పుకున్నాను.

అంతా అయ్యాక డాక్టర్ గారు మాస్క్ దించి, "నేను అర్జెంట్ సిజేరియన్‌కు వెళ్లాలి. బయట వాళ్లకు నువ్వు చెప్పు. రెండు గొట్టాలూ బాగున్నాయని చెప్పు. ఇంకోటి, యూరిన్ బ్యాగ్‌లో రేపటిదాకా పచ్చగా వస్తుంది, అది ఆ రంగే, భయపడొద్దని చెప్పు. మర్చిపోకు" అన్నారు.

"సరే మేడమ్" అన్నాను.

హేమలత పోర్టికోలో వాన చూస్తూ నిలబడి ఉంది. నన్ను చూడగానే రెండడుగులు ముందుకేసి ఆగిపోయింది.

"మార్కింగ్ కనపడ్డదా?"

"కనపడ్డది. ఎడమ పక్కది ఉండాల్సిన చోట లేదు. సరిగ్గ కోసే చోటికొచ్చి కూసున్నది. పచ్చగ కనపడకపోతే..." అని ఆపేశాను. "ఏం కాలే. రెండు మంచిగున్నయ్. అమ్మ మంచిగున్నది."

ఆమె పెదవులు అదిరాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. కళ్లలో నీళ్లతోనే నవ్వి, బ్యాగ్‌లోంచి నిన్నటి నీళ్ల సీసా తీసి మూత విప్పి ఇచ్చింది.

"ఇగ తాగుండ్రి. నిన్న పట్టుకునుడే అయింది."

ఆ నీళ్లు తాగాను. జల్లు ఆమె భుజం మీద పడుతుంటే కొంచెం జరగమన్నాను. జరిగింది, నా వైపుకే. డాక్టర్ గారు చెప్పమన్న రెండో మాట ఆ కొంచెం జరగడంలో ఎక్కడో కొట్టుకుపోయింది.

సాయంత్రం ఐదింటికి క్యాంటీన్‌లో ఉండగా భార్గవి ఫోన్ చేసింది. "జల్దీ వార్డుకు రా. మీ గ్లౌజుల స్టాక్ వాళ్ల దగ్గర లొల్లయితాంది."

వెళ్లేసరికి సోమ్లి మంచం చుట్టూ నలుగురు గుమిగూడి ఉన్నారు. మంచం కోడుకు వేలాడుతున్న యూరిన్ బ్యాగ్‌లో చిక్కటి పచ్చ నీళ్లు. డాక్టర్ గారు చెప్పమన్న రెండో మాట అప్పుడు గుర్తొచ్చింది. డ్యూటీ మారి వచ్చిన కొత్త నర్సు, ఆ రంగు సంగతి తెలియక, డాక్టర్‌ను అడగాలని పరుగెత్తిందట. దాంతో వీళ్ల భయం రెట్టింపైంది.

"బా, నిజం చెప్పు. పసరు తాపినవా?" హేమలత తండ్రి ఎదురుగా నిలబడి అడుగుతోంది.

లచ్చిరాం బ్యాగ్ వంక చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నిన్నే అడుగుతున్న!"

"ఒక్క గుక్కనే బిడ్డా" అన్నాడు చివరికి. "బయలెల్లే పొద్దున. రక్తం ఆగుతదని. మా నాయన ఇచ్చేటోడు..."

"మరి గా రూముల అడిగితే లేదని తల ఊపితివి గదా! ఎన్నిసార్లు చెప్పిన నీకు? ఇగో చూడు, నీ పసరు ఎట్లొస్తాందో చూడు! నా తల్లిని ఏం చేస్తివి? నువ్వసలు తండ్రివేనా?"

లచ్చిరాం తలపాగా తీసేశాడు. మడతలోంచి గూగ్రీలు జారి బండల మీద పడి మోగాయి. వాటిని ఏరుకోవాలని కూడా తోచక, ఆయన అక్కడే గోడవార కూలబడ్డాడు.

"నేనే చేసిన" అన్నాడు. "నా చేతుల్తోని నేనే దాన్ని పొట్టన పెట్టుకున్న."

ఆ మాట వినడం కన్నా ఆ గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోవడం తేలిక. ఇంకో తేలిక దారి కూడా ఉంది. భార్గవి నన్ను కాపాడాలని, "అది రంగు మందమ్మా, మామూలే, కోటేష్ మీకు చెప్పే ఉంటడు, హడావిడిల మీరు వినలే కావచ్చు" అని మొదలుపెట్టింది కూడా. అవునంటే సరిపోయేది. ఎవరూ నన్ను పట్టుకునేవాళ్లు కాదు.

నేను వెళ్లి లచ్చిరాం పక్కన నేల మీద కూర్చున్నాను. గూగ్రీలు ఏరి ఆయన దోసిట్లో పెట్టాను.

"బా, తప్పు నీది కాదు. నీ పసరుతోని ఇట్ల కాలేదు. గొట్టాలల్ల ఎక్కించిన రంగే బ్యాగులకు దిగుతాంది. రేపటికి తెల్లగైతది. ఈ మాట మీకు చెప్పమని డాక్టరమ్మ నాకు చెప్పింది. నేనే చెప్పలే. మర్చిపోయిన."

సగం మత్తులో ఉన్న సోమ్లి కళ్లు తెరిచింది. "ఎందుకు లొల్లి చేస్తాండ్రు? నేను బతికే ఉన్న గదా" అని మళ్లీ కళ్లు మూసుకుంది.

ఎవరో నవ్వారు. హేమలత నవ్వలేదు.

"ఒక్క మాట" అంది నాతో. "ఒక్క మాట చెప్పకపోతిరి. మా నాయనను పుట్టి బుద్ధెరిగినంక ఎన్నడు నేను ఎదిరించలే. నువ్వు తండ్రివేనా అన్న. ఆ మాటను ఇప్పుడు ఎట్ల వాపస్ తీసుకోవాలె?"



డాక్టర్ గారు వచ్చి విషయం తెలుసుకుని, నన్ను కారిడార్‌లోకి పిలిచి బాగా తిట్టారు. తిట్టించుకోవాల్సిందే. లచ్చిరాంను మాత్రం మెల్లగా అడిగారు. "పెద్దాయనా, పసరు సంగతి మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తిడ్తరని."

"ఈసారి నుంచి చెప్పు. తిట్టను. కొన్ని ఆకులు మత్తు మందుతో పడవు. తెలిస్తే మేము జాగ్రత్తపడతాం" అన్నారు. ఆయన దండం పెట్టాడు.

ఆ సాయంత్రమే నేను తెల్ల ప్లాస్టర్ ముక్క కత్తిరించి, మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసి సోమ్లి యూరిన్ బ్యాగ్ మీద అంటించాను: "రేపటిదాకా పచ్చగా వస్తది. భయపడొద్దు." కింద అదే మాట మా భాషలో, తెలుగు అక్షరాల్లో. ఆ రోజు నుంచి మా హాస్పిటల్‌లో ఆ రంగు వాడిన ప్రతి బ్యాగ్ మీదా ఆ ముక్క ఉంటోంది.

తర్వాత మూడు రోజులు హేమలత నాతో మాట్లాడింది రెండే మాటలు. "అవ్", "లేదు". నేను అడిగిన వాటికి ఏది సరిపోతే అది. తండ్రికి మాత్రం తనే అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే చూశాను. ఆయన వద్దంటూనే తింటున్నాడు.

డిశ్చార్జ్ రోజు సోమ్లి నన్ను పిలిపించింది. "ఆ పచ్చ దీపం నాకు చూపియ్యి" అంది. డాక్టర్ గారిని అడిగి, ఆ నలభై నిమిషాల వీడియోలోంచి ఒక ముక్క చూపించాను. నల్లటి తెర మీద సన్నని పచ్చ గీత. ఆమె చాలాసేపు చూసింది.

"తీజ్ బుట్టలల్ల గోధుమ మొలకలు గిట్లనే వస్తయ్" అంది. "సన్నగ. పచ్చగ." తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను వద్దంటున్నా వినలేదు. "అక్కకు ఈ దీపం దొరకలే బిడ్డా. నాకు దొరికింది. తీజ్‌కు రా. నా పాట ఇని పో."

హేమలత బ్యాగ్ సర్దుతూ అటు తిరిగింది. రావొద్దని మాత్రం అనలేదు.

ఆరు వారాలకు చెకప్‌కు వచ్చారు. స్కాన్‌లో రెండు కిడ్నీలూ బ్రహ్మాండంగా ఉన్నాయి. సోమ్లి బుగ్గలకు రంగు వచ్చింది. నేను వాళ్ల వెనక తలుపు వైపు నాలుగుసార్లు చూశాను.

"అది రాలే" అంది సోమ్లి, నేను అడక్కుండానే. "అడవిల డ్యూటీ. తీజ్‌కు దొరుకుతది."

శ్రావణంలో తీజ్ మొదటి రోజు సెలవు పెట్టి బయల్దేరాను. మా యాడీ గుమ్మంలోంచి, "సీసా పట్టించిన పిల్ల తండాకే గదా?" అని అడిగింది. ఈ భూమ్మీద తల్లులకు ఏదీ చెప్పకూడదు. సత్తుపల్లి దాకా ముసురు. దమ్మపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా పామాయిల్ తోటలు, ఆ తర్వాత టేకు అడవి. తండా చేరేసరికి షర్టు పిండుకోవాల్సి వచ్చింది.

నేను అక్కడికి పాట కోసమే పోలేదు. లచ్చిరాంకు ఒక క్షమాపణ బాకీ ఉన్నాను. హాస్పిటల్‌లో తప్పు ఒప్పుకున్నానంతే, మాఫీ అడగలేదు. ఇది ఆయన ఇంటి ముందు నిలబడి అడగాలి. అలాగే అడిగాను.

ఆయన మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. "మాఫీ కావాలె, అంతేనా?" అని లోపలికి వెళ్లి, ఇత్తడి గ్లాసుతో వచ్చాడు. నిండా చిక్కటి పచ్చ పసరు. "నా పసరు మంచిదో కాదో తాగి చెప్పు. అప్పుడు మాఫీ."

చుట్టూ ఆడవాళ్లు చేరారు. హేమలత లంగా రవికలో, చేతులకు అద్దాల పట్టీలతో, గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. ఖాకీలో తప్ప ఆమెను చూడని నాకు కాసేపు గ్లాసు కనబడలేదు. ఒకే గుక్కలో తాగేశాను. వేపాకు దాని ముందు బెల్లం. కళ్ల వెంట నీళ్లు కారుతుండగా, "మంచిగుంది బా" అన్నాను.

"రేపటిదాకా పచ్చగ వస్తది" అంది హేమలత. "భయపడొద్దు."

తండా అంతా గొల్లున నవ్వింది. లచ్చిరాం అందరికంటే గట్టిగా నవ్వాడు. అప్పుడే మంచం మీద ఆమె డైరీ కనబడింది. దాని అట్ట మీద, మాసిపోయిన తెల్ల ప్లాస్టర్ ముక్క. నా అక్షరాలే. సోమ్లి బ్యాగ్ మీంచి ఎప్పుడు తీసుకుందో తెలియదు. నేను చూడటం చూసి ఆమె డైరీని తిరగేసి పెట్టింది.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. పెళ్లికాని ఆడపిల్లలంతా బుట్టల్లో పుట్టమన్ను నింపి, నానబెట్టిన గోధుమలు చల్లారు. సోమ్లి నడిమధ్య కూర్చుంది. పాట ఎత్తుకోబోతూ ఆగి, లేచి, గోడవార ఒంటరిగా కూర్చున్న సన్నటి ముసలామె దగ్గరికి వెళ్లింది. చెయ్యి పట్టి తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె కేస్లి అని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పదకొండేళ్ల తర్వాత ఆమె పది మందిలో కూర్చుంది. సోమ్లి గొంతెత్తింది. రెండో వరస దగ్గర కేస్లి కూడా కలిసింది.

పాటయ్యాక రేగు కొమ్మ తెచ్చారు. తీజ్‌లో ఆడపిల్లలు నానిన సెనగలను ఆ ముళ్లకు గుచ్చాలి. బావ వరసైన పిలగాళ్లు కొమ్మ పట్టుకుని, గుచ్చనివ్వకుండా ఊపుతారు. వరస కానివాడు ఆ కొమ్మను ముట్టడు. ఒక్కో పిల్ల గుచ్చి వెళ్తోంది. హేమలత వంతు వచ్చింది. కొమ్మ పట్టుకున్న కుర్రాడు ఊపబోతుంటే సోమ్లి చెయ్యెత్తి ఆపింది. నా వైపు చూసింది.

"ఏంది అట్ల నిలవడ్డవ్? పో. కొమ్మ పట్టు."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. లచ్చిరాం గొంతు సవరించుకుని, "ఆగు ఆగు. నీది ఏ గోత్రం పిలగా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే హేమలత అందుకుంది. "కుదురుతది బా. కేస్ షీట్ చూసి మొదటి దినమే వేళ్ల మీద లెక్కేసుకున్నడట. సిస్టర్ భార్గవి ఫోన్ల చెప్పింది."

"నువ్వెందుకు అడిగినవ్ సిస్టర్‌ను?" అంది కేస్లి. హేమలత మొహం దించుకుంది. లచ్చిరాం నా గోత్రం నా నోటితోనే చెప్పించుకుని, ఒకసారి కూతురి వైపు, ఒకసారి భార్య వైపు చూసి, తల ఊపాడు. ఈసారి ఆ ఊపడంలో అబద్ధం లేదు.

వెళ్లి కొమ్మ పట్టుకున్నాను. హేమలత గుప్పెట్లో సెనగలతో ఎదురుగా నిలబడింది. తల మీది ఓణీ అద్దాల్లో వెలుతురు తళుక్కుమంటోంది.

"ఊపు, ఊపు" అని పిలగాళ్లు అరుస్తున్నారు. నేను ఊపడం లేదు. అయినా కొమ్మ ఊగుతోంది. ఆకులన్నీ గలగలలాడుతున్నాయి.

ఆమె నా చేతుల వంక చూసింది.

"మీకు చెయ్యి వణకదంటిరి గదా?"

"ఈ రోజు వణుకుతాంది" అన్నాను. "మొదటిసారి."

ఆమె ఎడమ చెయ్యి చాచి, అందరూ చూస్తుండగా, నా మణికట్టు పట్టుకుంది. కొమ్మ ఆగింది.

"కదలకుండ పట్టుకో" అంది మెల్లగా. "నేను గుచ్చేదాకా నువ్వు విడువొద్దు."

మీరు కాదు, నువ్వు. ఒక్కొక్క సెనగా తీసి, ఒక్కొక్క ముల్లుకూ తాపీగా గుచ్చింది. ఆమెకు ఏమీ తొందర లేదు. నాకూ లేదు.